మోకాలి నొప్పి గుజ్జులో పుట్టదు

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందట." ఎక్స్‌రే తీయించుకొచ్చిన పెద్దవాళ్ళు ఇంటికొచ్చి చెప్పే మాట ఇది. అరుగుదల నిజమే. కానీ ఆ గుజ్జులో, అంటే ఎముకల కొసలను కప్పే మృదులాస్థిలో, నరాలూ లేవు, రక్తనాళాలూ లేవు. అది తనంతట తాను నొప్పి పెట్టలేదు. బాగా అరిగిన మోకాలితో హాయిగా తిరిగేవాళ్ళూ, కొద్దిపాటి అరుగుదలకే నిద్రపట్టనివాళ్ళూ ఉండేది అందుకే.

నొప్పి తెలిసేది చుట్టుపక్కల: కీలు లోపలి పొర అయిన సైనోవియం, చిప్ప కింద ఉండే కొవ్వు, గుజ్జు కింది ఎముక. అరిగిన తునకలు తగిలి సైనోవియం రేగుతుంది, నీరు ఊరుతుంది. అక్కడ పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు (వాపు తెచ్చే రసాయనాలు), ఎన్‌జీఎఫ్ (నరాలను పెంచే ప్రోటీన్) లాంటి పదార్థాలు నరాల కొసలను మార్చేస్తాయి. గట్టి దెబ్బకు గానీ పలకని నరం మెట్టు దిగినా పలుకుతుంది. ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే టానెజుమాబ్ అనే మందు నొప్పిని తగ్గించింది కూడా. అయితే కొందరిలో కీలు వేగంగా పాడైంది. 2021లో తయారీ కంపెనీలు దాన్ని వదిలేశాయి.

ఇలా కీలులో ఊరే నీటి వల్ల ఇంకో నష్టం ఉంది, దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలోకి 20-30 మి.లీ. సెలైన్ ఎక్కించినా, నొప్పి లేకుండానే తొడ ముందు కండరం బలం తగ్గుతుంది. వెన్నుపాము దాన్ని పూర్తిగా పనిచేయనివ్వదు. కండరం నీరసిస్తే భారం కీలు మీదే పడుతుంది. కాబట్టి వాపున్నప్పుడు "బాగా నడవండి" అనే సలహా నాకు నచ్చదు.

నెలల తరబడి సంకేతాలు అందితే వెన్నుపాములోని నరకణాలూ అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. అప్పుడు నొప్పి తొడకో పిక్కకో పాకుతుంది, దుప్పటి తగిలినా బాధిస్తుంది, కూర్చున్నా పోదు. కీలు మార్పిడి చేయించుకున్నా కొందరిలో నొప్పి మిగిలిపోవడానికి ఇదొక కారణం.

మందు ఎంచుకునే ముందు వాపు ఎక్కువా, నరాల అతిస్పందన ఎక్కువా చూడాలి. మోకాలు వెచ్చగా, ఉబ్బుగా ఉండి, మడిస్తే బిగుసుకుంటే వాపుదే పైచేయి. 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు రాయడం మంచి ఆరంభం. బఠాణీ గింజంత రాసి "పనిచేయలేదు" అంటారు చాలామంది. నొప్పి మాత్రలైతే కిడ్నీ, బీపీ, అల్సర్ సంగతి డాక్టరుకు చెప్పాకే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉపశమనం కొన్ని వారాలే. మూడు నెలలకోసారి రెండేళ్ళు ఇచ్చి చూసిన 2017 అధ్యయనంలో సెలైన్ కంటే నొప్పి తగ్గలేదు సరికదా, గుజ్జు ఎక్కువ పోయింది. నొప్పి పాకడం, దుప్పటి తగిలినా బాధించడం లాంటి నరాల లక్షణాలు ఎక్కువైతే డ్యులోక్సెటిన్ అనే మందు గురించి డాక్టరును అడగండి.

వ్యాయామం రెండింటికీ కావాలి. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని అయిదు సెకన్లు నొక్కి వదలండి. పదిసార్లు, రోజుకు రెండు పూటలా. మర్నాటికీ నొప్పి పెరిగే ఉంటే సంఖ్య సగానికి తగ్గించండి, మానేయకండి.

ఉన్నట్టుండి ఒక్క మోకాలే ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే ఇదంతా పక్కన పెట్టండి. కీలులో చీము కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.