గంట ఫ్లైట్, ఐదు గంటల ప్రయాణం

సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి గాల్లో దూరం దాదాపు 300 కిలోమీటర్లు. టికెట్ మీద గంటో, గంటా పావో రాసుంటుంది గానీ విమానం గాల్లో ఉండేది ముప్పావు గంటే. పైకెక్కడం అయ్యీ అవ్వకముందే దిగడం మొదలెడుతుంది, నీళ్ల బాటిల్ ఇచ్చినావిడే అటునుంచటే ఖాళీ బాటిళ్లు ఏరుకుంటూ వస్తుంది. ఇది చూసి హైదరాబాద్ ఆఫీసులో వాళ్లు "గంటే కదన్నా, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు" అంటారు.

సోమవారం ఏడింటి ఫ్లైటంటే ఐదుకల్లా ఇల్లు కదలాలి. సింగపూర్‌లో ఏ ఇబ్బందీ లేదు, టాక్సీ దొరుకుతుంది, వర్క్ పాస్ ఉన్నవాళ్లం ఆటోమేటిక్ గేట్లలోంచి చకచకా వెళ్లిపోతాం. అసలు కథ అవతల. కౌలాలంపూర్ (కేఎల్) ఎయిర్‌పోర్టు ఉన్నది కేఎల్‌లో కాదు, సెపాంగ్‌లో, ఊళ్లోకి 50 కిలోమీటర్ల పైమాటే. 2023 డిసెంబర్ నుంచి మన పాస్‌పోర్టుకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు (మీటింగులకి సరే, ఉద్యోగానికి కాదు), అదొక్కటే ఊరట. డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం ముందే నింపుకోవాలి. నింపనివాళ్లు లైన్లో నిలబడి ఫోన్లో పాస్‌పోర్టు నంబరు కొట్టుకుంటుంటే వెనకాల మనకి బీపీ పెరుగుతుంటుంది. అదయ్యాక ఎక్స్‌ప్రెస్ రైలు, అరగంటలో ఊళ్లోని పెద్ద స్టేషన్ కేఎల్ సెంట్రల్. క్లయింట్ ఆఫీసులో కుర్చీలో కూర్చునేసరికి పది.

బస్సుకీ దాదాపు అంతే పడుతుంది. రోడ్డు మీద 350 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విజయవాడ కంటే కాస్త ఎక్కువ, కాకపోతే మధ్యలో సరిహద్దు. సింగపూర్ చెక్‌పాయింట్‌లో ఒకసారి, మలేషియా వైపు ఇంకోసారి దిగాలి, రెండోచోట సామాను కూడా మోసుకెళ్లి స్కాన్ చేయించాలి. సెలవులొస్తే రెండు దేశాల్నీ కలిపే వంతెన దగ్గర ఎన్ని గంటలు ఇరుక్కుంటామో చెప్పలేం. ఈ రెండు ఊళ్ల మధ్య గంటన్నరలో వెళ్లే హైస్పీడ్ రైలుకి 2016లో ఒప్పందం చేసుకున్నారు, 2021 జనవరి 1న రద్దయిందని ప్రకటించారు. అది వచ్చుంటే ఈ లెక్కలన్నీ ఎవరిక్కావాలి!

అందుకే నేను వెళ్లేటప్పుడు ఫ్లైట్, శుక్రవారం వచ్చేటప్పుడు బస్సు. శుక్రవారం సాయంత్రం జనమంతా సింగపూర్ నుంచి వంతెన అవతలి మలేషియా రాష్ట్రం జొహోర్ వైపు పోతుంటారు, మనం ఎదురు దిశలో వస్తాం కాబట్టి వంతెన దగ్గర పెద్దగా ఆగక్కర్లేదు, అదే ఆదివారం రాత్రి ఆ పని చేస్తే చచ్చినట్టే. పైగా బస్సు సీట్లు వెడల్పు, కాళ్లు చాపుకుని నిద్రపోవచ్చు, మధ్యలో యోంగ్ పెంగ్ దగ్గర ఆపితే టీ తాగొచ్చు. కానీ బస్సు టికెట్ క్లెయిమ్ చేసిన ప్రతిసారీ, ఫ్లైట్ గంటే కదా, బస్సెందుకెక్కారు అని ఫైనాన్స్ నుంచి మెయిల్ వస్తుంది.