నాన్న చొక్కా చేయి మడిచి చూపించాల్సి వచ్చింది: వ్యాక్సిన్ దగ్గర మా అనుభవం

2021 మార్చి ఆఖర్లో మా నాన్నకి కరోనా టీకా కోవిషీల్డ్ మొదటి డోసు పడింది. ఒక రాత్రి ఒళ్ళు కాస్త వెచ్చబడింది, చెయ్యి నొప్పెట్టింది, అంతకుమించి ఏమీ లేదు. ఆ నిశ్చింత ఇప్పుడు ఇంట్లో అందరికీ ఉంది. కానీ ఆ డోసు దాకా వెళ్ళేలోపు మాకు జరిగిన అవమానం నాకింకా మింగుడు పడలేదు. వివరాలు మరిచిపోకముందే రాసేస్తున్నాను.

నాన్నకి 54 ఏళ్ళు. రెండు కిడ్నీలూ పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు. 2020 మార్చి నుంచీ అందరినీ ఇల్లు కదలొద్దన్నారు కదా, ఆయనకి ఆ వీలు ఏనాడూ లేదు. లాక్‌డౌన్‌లో రోడ్లన్నీ మూసేసినప్పుడు కూడా పోలీసులకి ఫైలు చూపించుకుంటూ వెళ్ళాం. అక్కడ ఒకే హాల్లో వరసగా మంచాలు. పక్క మంచం మనిషి దగ్గితే లేచి దూరంగా పోవడానికి ఉండదు, చేతికి సూదులుంటాయి. ఆయనతో పాటు మిషన్ ఎక్కేవాళ్ళలో ఇద్దరు కరోనాతో పోయారు. ఆ రోజుల్లో నాన్న ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకునేవారు.

అందుకే 2021 జనవరి 16న టీకాలు మొదలైన దగ్గర్నుంచీ మా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉన్నాం. ముందు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, తర్వాత ఫిబ్రవరిలో పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు. అది న్యాయమైన వరసే, మాకు ఏ బాధా లేదు. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్ళకీ, 45 నుంచి 59 లోపు ఉండి పెద్ద జబ్బులున్నవాళ్ళకీ తెరిచారు. ఆ జబ్బులు 20 అని జాబితా ఇచ్చారు. డయాలసిస్ అందులో ఉంది. ఆ జాబితా నేను మొదటి నుంచి చివరిదాకా చదివాను, ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

టీకాకి పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు కోవిన్‌లో రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాలేదు. ఫోన్ నంబరు, ఓటీపీ, ఆధార్, ఆసుపత్రి, తేదీ. డయాలసిస్ లేని రోజు చూసుకుని స్లాట్ తీసుకున్నాను.

సర్టిఫికెట్ కూడా తేలిగ్గానే వచ్చింది. అప్పట్లో 45 నుంచి 59 ఏళ్ళవాళ్ళు తమకి ఆ జబ్బు ఉన్నట్టు ప్రభుత్వం ఇచ్చిన నమూనాలోనే డాక్టరు సంతకంతో తేవాల్సి వచ్చేది. నాన్నని చూసే కిడ్నీ డాక్టరుగారు ఫైలు తిరగేసి, అన్ని గళ్ళూ నింపి, తన రిజిస్ట్రేషన్ నంబరు రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇస్తూ ఒక మాటన్నారు. “ఈ కాగితం కోసం మీలాంటివాళ్ళకంటే ఏ జబ్బూ లేనివాళ్ళే ఎక్కువ వస్తున్నారమ్మా. కుదరదంటే కోపాలొస్తున్నాయి” అని. ఎక్కువమంది అడిగేది షుగరు పేరు మీదట. జాబితాలో షుగరు ఉన్న మాట నిజమే. కానీ అది పదేళ్ళు దాటినదైనా అయి ఉండాలి, దానివల్ల వేరే అవయవాలు దెబ్బతిన్నదైనా అయి ఉండాలి, పైగా బీపీకి మందులు వాడుతూ ఉండాలన్నారు. నిరుడు రక్తపరీక్షలో కాస్త ఎక్కువ కనిపించిందంటే చాలదు. ఇది తెలిసీ అడిగేవాళ్ళున్నారు, తెలిసీ రాసిచ్చే డాక్టర్లూ ఉన్నారు.

ఇక ఆ ప్రైవేటు ఆసుపత్రి సంగతి. 250 రూపాయలైనా పరవాలేదు, రద్దీ తక్కువ ఉంటుంది, నాన్న ఎక్కువసేపు నిలబడక్కర్లేదు అని అక్కడ తీసుకున్నాను. పేరు రాయను.

స్లాట్ వేళకి ముందే వెళ్ళి కూర్చున్నాం. మా వంతు రాగానే బల్ల దగ్గరున్న కుర్రాడు ఆధార్ చూశాడు, కంప్యూటర్లో పేరు చూశాడు. సర్టిఫికెట్ ఇచ్చాను. దాన్ని తిప్పి చూసి, నాన్న వైపు చూసి, మళ్ళీ కాగితం వైపు చూసి అన్నాడు: “రోజూ ఇలాంటివి ఎన్ని వస్తున్నాయో తెలుసా మేడం? ఎక్కడ ఎంతకి దొరుకుతున్నాయో కూడా మాకు తెలుసు.”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. నాన్నే అన్నారు, “లేదు బాబూ, నాకు వారానికి మూడు రోజులు డయాలసిస్” అని. ఆ కుర్రాడు గొంతు తగ్గించను కూడా తగ్గించలేదు. “చూస్తే బాగానే ఉన్నారుగా సార్?” అన్నాడు. వెనక కూర్చున్నవాళ్ళంతా మా వైపే చూస్తున్నారు.

నాన్న ఒక్క క్షణం ఆగి, ఎడమ చేతి చొక్కా గుండీ తీసి మోచేతి పైదాకా మడిచారు.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళ ఇంట్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. రక్తం మిషన్‌లోకి వెళ్ళి రావడానికి చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా అని చేస్తారు. కొన్నేళ్ళకి ఆ నరం ఉబ్బి, మెలికలు తిరిగి, సూదులు గుచ్చిన మచ్చలతో నిండిపోతుంది. నాన్న నడివేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకుంటారు. మా బాబాయిలు కూడా ఆ చెయ్యి సరిగ్గా చూసి ఉండరు. అలాంటి మనిషి ముక్కూ మొహం తెలియని జనం మధ్య నిలబడి, తను దొంగ కాదని నిరూపించుకోవడానికి ఆ చెయ్యి చాపి చూపించారు.

చూశాక కూడా ఆ కుర్రాడు సరేనని అనలేదు. “సూపర్‌వైజర్ గారు రావాలి, పక్కన కూర్చోండి” అన్నాడు. కూర్చున్నాం.

మేం అలా కూర్చుని ఉండగానే పక్క తలుపు తెరుచుకుంది. ఆసుపత్రి ఆఫీసు మనిషి ఒకాయన ఓ కాగితం పట్టుకుని వచ్చాడు, వెనకాల ఓ గుంపు. అందరూ ముప్ఫైల్లో, ఇంకా తక్కువలో ఉన్నవాళ్ళే. అప్పటికి ఆ వయసువాళ్ళకి టీకా పడాలంటే ఒకటే దారి, వైద్య సిబ్బంది అయినా అయి ఉండాలి, పోలీసుల్లాంటి ఉద్యోగమైనా అయి ఉండాలి. బల్ల దగ్గర కుర్రాడు లేచి నిలబడి మరీ వాళ్ళ వివరాలు ఎక్కించాడు. వాళ్ళలో ఒకతను “నాది ఏమని రాయాలన్నా?” అని అడగడం నా చెవులతో విన్నాను. “అటెండర్ అని రాయి, ఏదైతే ఏంటి” అని జవాబు. ఒక్కళ్ళ చొక్కా చేతులు మడవమని ఎవరూ అడగలేదు. ఒక్కళ్ళనీ “మీరు చూస్తే అటెండర్లా లేరే” అనలేదు.

సూపర్‌వైజర్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సర్టిఫికెట్ చూడగానే ఆవిడ “ఇది కరెక్టే కదా, ఎందుకు ఆపారు?” అంది. ఆ వెంటనే “కానీ ఇవాళ్టి స్టాకు అయిపోయింది, రేపు రండి” అంది. రేపు డయాలసిస్ అని చెప్పాను. ఎల్లుండి రమ్మంది, అదీ ఉంటేనట.

ఆవిడతో నేను గట్టిగానే మాట్లాడాను. పక్క తలుపులోంచి వచ్చినవాళ్ళు ఏ విభాగంలో పనిచేస్తారో చెప్పమన్నాను. “మా స్టాఫ్ లిస్టు మీకు చూపించాల్సిన అవసరం లేదు” అంది. నాన్న నా చెయ్యి పట్టుకుని “పద తల్లీ, ఇంటికి పోదాం” అన్నారు. ఆయన ముఖం చూసి బయటికి వచ్చేశాను.

అప్పటి నుంచీ నా మనసులో తిరుగుతున్నది ఒకటే. దొంగ కాగితంతో వచ్చినవాడు ఒక డోసు తీసుకుపోయాడని అందరూ అంటారు. అంతే అయితే నేనింత రాసేదాన్ని కాదు. వాడు తీసుకుపోయింది నిజమైన రోగి మాటకున్న విలువని. వందమంది లేని జబ్బు ఉందని రాయించుకొస్తే, ఉన్నవాడు వచ్చి ఉందని చెప్పినా నమ్మరు. దొంగతనం చేసినవాడు దర్జాగా వెళ్ళిపోతాడు, ఆ అనుమానమంతా డయాలసిస్ రోగి మీద, క్యాన్సర్‌కి మందు ఎక్కించుకుంటున్న మనిషి మీద పడుతుంది. వాళ్ళు తమ ఒంటిని విప్పి చూపించుకోవాలి.

ఒకటి మాత్రం వేరుగా చూడాలి. కోవిషీల్డ్ సీసా ఒకసారి తెరిస్తే పది డోసులు, నాలుగు గంటల్లో వాడెయ్యాలి. సాయంత్రం కేంద్రం మూసే వేళకి సీసాలో రెండో మూడో మిగిలి, రావాల్సినవాళ్ళు రాకపోతే, అక్కడున్న ఎవరికైనా వెయ్యడంలో నాకు తప్పు కనిపించదు. పారబోయడం కంటే అదే మేలు. నేను చెప్పేది పట్టపగలు, వంతు ఉన్నవాళ్ళు బయట కూర్చుని ఉండగా, అబద్ధపు ఉద్యోగం రాయించుకుని లోపలికి వెళ్ళినవాళ్ళ గురించి.

మా పిన్ని కొడుకు ఒకడు ఇదే పని చేశాడు. కంప్యూటర్ ఉద్యోగం, ఏడాదిగా ఇంట్లోంచే పని. స్నేహితుడి క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ అని లెటర్ రాయించుకుని టీకా వేయించుకుని, ఫోటో వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాడు. ఫోన్ చేసి అడిగాను. “అందరూ చేస్తున్నదేగా అక్కా. నువ్వు కూడా అడిగి ఉంటే పెదనాన్నకి అలాగే ఇప్పించేవాణ్ణి” అన్నాడు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా నాన్నకి అబద్ధం అక్కర్లేదు రా, నిజమే ఎక్కువైపోయి కూర్చుంది అన్నాను. అందరూ చేస్తే ఒప్పయిపోదు. జనవరిలో కెనడాలో ఒక డబ్బున్న జంట విమానంలో యూకాన్ అనే మారుమూల ప్రాంతానికి వెళ్ళి, అక్కడి మోటల్‌లో పనివాళ్ళమని చెప్పి, స్థానికులకి ఉంచిన టీకాలు వేయించుకుంది. మోటల్ పనివాళ్ళమన్న వాళ్ళ అబద్ధానికీ, మావాడి ల్యాబ్ టెక్నీషియన్ అబద్ధానికీ తేడా ఏముంది? వాళ్ళకి జరిమానా పడింది, ప్రపంచమంతా ఛీ కొట్టింది. అర్జెంటీనాలో తెలిసినవాళ్ళకి వరస తప్పించి టీకాలు వేయించిన వ్యవహారం బయటపడి ఫిబ్రవరిలో ఆరోగ్యమంత్రే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఇవన్నీ వాడికి చెప్పాను. వాడు స్టేటస్ తీసేశాడు. మాట్లాడటం కూడా మానేశాడు. పిన్నికి నా మీద కోపం. ఉండనివ్వండి.

నేను అనవసరంగా రాద్ధాంతం చేస్తున్నానని అనేవాళ్ళూ ఉన్నారు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్ళందరికీ ఇచ్చారు కదా, కొన్నాళ్ళు ఆగితే ఏమయ్యేది అని. మార్చి నెలలో కేసులు మళ్ళీ ఎలా పెరిగాయో అందరం చూశాం. ఇంట్లో కూర్చునే వీలున్నవాడికి కొన్నాళ్ళంటే కొన్నాళ్ళే. వారానికి మూడుసార్లు ఆ హాల్లో పడుకోవాల్సిన మనిషికి ప్రతి వారమూ ఓ గండమే. ఆ లెక్క తెలిసే కదా ప్రభుత్వం జబ్బులున్నవాళ్ళని ముందు పెట్టింది.

ఇది నా ఒక్కదాని కడుపుమంట కాదని తర్వాత రూఢి అయింది. 2021 ఏప్రిల్ 3న అప్పటి కేంద్ర ఆరోగ్య కార్యదర్శి రాజేశ్ భూషణ్ రాష్ట్రాలకి లేఖ రాశారు. వైద్య సిబ్బంది, పోలీసుల్లాంటి ఫ్రంట్‌లైన్ సిబ్బంది పేరు మీద ఇక కొత్త రిజిస్ట్రేషన్లు చెయ్యొద్దన్నారు. కారణం కూడా రాశారు: కొన్ని కేంద్రాల్లో అర్హత లేనివాళ్ళు ఆ పేరుతో చేరి టీకాలు వేయించుకుంటున్నారు, ఈ మధ్య కొద్ది రోజుల్లోనే వైద్య సిబ్బంది జాబితా 24 శాతం పెరిగింది. దేశంలో నర్సులూ, టెక్నీషియన్లూ, అటెండర్లూ అన్ని రోజుల్లో అంతమంది పుట్టుకురారు. ఈ పని మార్చిలోనే చేసి ఉంటే బాగుండేది. దీనివల్ల నిజంగా పేరు ఎక్కని చిన్న క్లినిక్ ఆయాలకి కూడా ఆ దారి మూసుకుపోయింది.

టీకా చివరికి వేసింది ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మార్చి ఆఖరి వారంలో. దాని గురించి రాయడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్పతనం. జనం ఎక్కువే, కుర్చీలు తక్కువే. టీకా వేసే నర్సు, ఏఎన్ఎం గారు సర్టిఫికెట్ చదివారు, డయాలసిస్ అన్న మాట కనపడగానే తలెత్తి, “ఫిస్టులా ఏ చేతికుంది నాన్నా?” అని అడిగారు. ఎడమ చేతికన్నారు. “అయితే కుడి చేతికి వేస్తాను, ఆ చెయ్యి కదపకండి” అన్నారు. నాన్న ఆవిడకి రెండుసార్లు దండం పెట్టారు. అరగంట కూర్చోబెట్టి పంపించారు. పైసా ఖర్చు లేదు.

కాబట్టి ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నవాళ్ళకి నేను చెప్పేది, ముందు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ కేంద్రానికే వెళ్ళండి. సర్టిఫికెట్‌తో పాటు డయాలసిస్ ఫైలు కూడా పట్టుకెళ్ళండి, మడిచిన చొక్కా చేతికంటే అది గౌరవంగా ఉంటుంది. సూది ఫిస్టులా ఉన్న చేతికి వెయ్యనివ్వకండి, బీపీ కూడా ఆ చేతికి చూడనివ్వకండి. వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి. పక్క తలుపులోంచి ఎవరైనా వెళ్తుంటే నోరు మూసుకుని కూర్చోకండి, తేదీ, వేళ రాసుకోండి. అప్పట్లో కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1075 ఉండేది. నేను జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను.

కోవిషీల్డ్ రెండో డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వెయ్యాలని 2021 మార్చి 22న కేంద్రం చెప్పింది, అంటే మాది ఆ ఏడాది మే నెలలో. అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్దామనుకున్నాం. ఫిర్యాదుకి ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా తిరుగుతాను.