ఇండియా ముక్క కుదరలేదు

"ఇది ఎటు పెట్టినా కుదరట్లేదు నాన్నా, నేను అతికించను" అని ఇండియా ముక్కను టేబుల్ మీద పడేసింది మా తొమ్మిదేళ్ల అమ్మాయి. ఇండియాతోనే మొదలెట్టాలని పట్టుబట్టింది నేను. కత్తిరించిందీ నేనే.

ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా వంటివి ఒకప్పుడు కలిసున్న మహాఖండం గోండ్వానా. దాన్ని కాగితం ముక్కలతో పేర్చడానికి గోడకుండే మెర్కేటర్ మ్యాపు పనికిరాదు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అందులో నేల ఉబ్బిపోతుంది. ఆఫ్రికాలో పద్నాలుగో వంతుండే గ్రీన్‌లాండ్ దాదాపు దానంత కనిపిస్తుంది. అంటార్కిటికా సంగతి చెప్పక్కర్లేదు. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద ట్రేసింగ్ పేపరు పరిచి గీయండి, ముడతలు పడ్డచోట అంచుకు చిన్న గాట్లు పెట్టండి. పేర్చేదీ గ్లోబు మీదే.

నేను తీరం వెంట కోశాను, అదీ తప్పు. ఖండం అసలు అంచు నీళ్లలో ఉంటుంది. గ్లోబులో లేతనీలం అయిపోయి ముదురునీలం మొదలయ్యే చోట కోయాలి. 1965లో బ్రిటిష్ భూభౌతిక శాస్త్రవేత్త బుల్లార్డ్ బృందం అట్లాంటిక్ రెండు ఒడ్లనూ కంప్యూటర్‌తో కలిపి చూస్తే, సుమారు 900 మీటర్ల లోతు గీత దగ్గర బాగా అతికాయి. గంగా, గోదావరి, కృష్ణా డెల్టాల మట్టి విడిపోయాక చేరిందే, తీసెయ్యండి. శ్రీలంకను ఇండియాకే ఉంచండి. హిమాలయాల దగ్గర ఆగకుండా ఉత్తరాన రెండు సెంటీమీటర్లు ఎక్కువ వదలండి, ఆ భాగం టిబెట్ కిందికి పోయింది.

పడమటి అంచు మడగాస్కర్‌కి, తూర్పు తీరం అంటార్కిటికాకి. మన తూర్పు కనుమల రాళ్ల తోబుట్టువులు అక్కడ మంచు కింద ఉన్నాయి. జిగురు వద్దు, మళ్లీ విడదీయాలి కదా, మళ్లీ ఊడదీయగల బ్లూటాక్ బంక చాలు. ఇండియా అంటార్కిటికా నుంచి సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట, మడగాస్కర్ నుంచి 9 కోట్లకు కాస్త ఇటు విడిపోయి, దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను తాకింది. బాగా జోరందుకున్నప్పుడు ఏడాదికి 15 సెంటీమీటర్లు నడిచింది. ఈ గ్లోబు మీద అది పది లక్షల ఏళ్లకు మూడున్నర మిల్లీమీటర్లు. పిల్లలు ఒక్క తోపుతో నెట్టేస్తారు, స్కేలు పెట్టి జరిపించండి.

గోండ్వానా పేరు మధ్య భారతంలోని గోండుల నేల నుంచి వచ్చింది. ఆదిలాబాద్‌లోనూ వాళ్లున్నారు. "మనవాళ్ల పేరే" అన్నాను గొప్పగా. "నీకు గోండి వచ్చా?" అంది. రాదు. తెలుగు రావాలని దాన్ని రోజూ సాధిస్తాను గానీ, ఖండాలను మోస్తూ కదిలే రాతి పలకను 'భూఫలకం' అని పలికించబోతే ఫలకం అంటే ఏమిటని అడిగింది, నేనే "ప్లేట్" అన్నాను.

ఇండియాతోనే ఎందుకు మొదలెట్టించానో ఇప్పుడు నాకే సరిగా తెలీదు. అన్నిటికన్నా తేలికైన అతుకు దక్షిణ అమెరికా, ఆఫ్రికాలది. మా అమ్మాయి మొదట అడిగిందీ ఆ రెండు ముక్కలే.