క్లెర్వో కోటలో 503 ఫోటోలు

లక్సెంబర్గ్‌లో రైలుకి టికెట్ కొనక్కర్లేదు. 2020 ఫిబ్రవరి చివరి నుంచి దేశమంతటా బస్సులు, ట్రాములు, రైళ్లు అన్నీ ఉచితమే, ఒక్క ఫస్ట్ క్లాసుకి తప్ప. ఆ సంగతి తెలిసే ఎక్కాను. అయినా జేబులో టికెట్ లేదన్న టెన్షన్ ఎట్టెల్‌బ్రుక్ దాటేదాకా వదల్లేదు. రాజధాని నుంచి గంట ప్రయాణం. ఉత్తరాన ఆర్డెన్ కొండల మధ్య ఉన్న క్లెర్వో అనే చిన్న ఊరికి వెళ్తున్నాను. ఒళ్లో ‘ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ పుస్తకం ఉంది.

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఫోటోగ్రఫీ విభాగాన్ని నడిపిన ఎడ్వర్డ్ స్టైకెన్ 1955లో ఓ ప్రదర్శన పెట్టారు. ఈ పుస్తకం దాని అచ్చురూపమే. 68 దేశాలు, 273 మంది ఫోటోగ్రాఫర్లు, 503 ఫోటోలు. పుట్టుక, ఆటలు, పెళ్లి, పని, ఆకలి, చావు ఇలా సాగుతుంది. పేజీల అమరిక లియో లియోనీది, ముందుమాట కవి కార్ల్ శాండ్‌బర్గ్‌ది. ఈయన స్టైకెన్‌కి బావగారు కూడా. అప్పట్లో అట్ట బైండింగ్ లేని ప్రతి ధర ఒక్క డాలరు. మ్యూజియం క్యూరేటర్లు, అంటే ప్రదర్శనకి ఏవి పెట్టాలో ఎంచి అమర్చేవాళ్లు, వేసే పుస్తకాలు చాలావరకు గ్రంథాలయాల బీరువాలకే పరిమితమైపోతాయి. ఇది మాత్రం మామూలు ఇళ్లలోకి వెళ్లింది.

స్టైకెన్ పుట్టింది లక్సెంబర్గ్‌లోనే, 1879లో. పసితనంలోనే కుటుంబం అమెరికా వెళ్లిపోయింది. ప్రదర్శన దేశదేశాలు తిరిగాక మిగిలిన సెట్టు చివరికి ఆయన పుట్టిన గడ్డకే చేరింది. 1994 నుంచి క్లెర్వో కోటలో శాశ్వతంగా ఉంది. 2003లో యునెస్కో ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ జాబితాలో చేర్చింది.

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడుచుకుంటూ వెళ్లొచ్చు. తెల్లగోడల కోట దూరం నుంచే కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబరు పోరులో అది తగలబడిపోయింది, తర్వాత మళ్లీ కట్టారు. ఆ యుద్ధం తాలూకు అమెరికన్ షెర్మన్ ట్యాంకు ఇప్పటికీ కోట దగ్గరే నిలబడి ఉంది. మనుషులంతా ఒక్కటే అని చెప్పే ఫోటోలు చూడాలంటే ముందు దాన్ని దాటుకుని వెళ్లాలి. ఎవరూ కావాలని అలా పెట్టలేదు గానీ, స్టైకెన్ చూసుంటే తన ప్రదర్శనలో కలిపేసుకునేవారేమో.

లోపల గదులు మసకగా ఉన్నాయి. వెలుతురంతా ఫోటోల మీదే. పుస్తకం చేతిలో పట్టుకుని గోడలతో పోల్చుకుంటూ నడిచాను. కాసేపటికే అర్థమైంది, ఈ రెండూ ఒకటి కావు. పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఫోటోలు పుస్తకంలో పేజీల మీద పరుచుకుని ఉంటాయి. ఇక్కడైతే వాటిని ఒక గుండ్రటి చట్రానికి అమర్చారు. అన్నీ చూడాలంటే మనమూ దాని చుట్టూ తిరగాల్సిందే. నా ముందు ఓ పెద్దావిడ చేతికర్రతో రెండు చుట్లు తిరిగి, నన్ను చూసి నవ్వేసింది.

సత్యజిత్ రాయ్ పేరు కనిపించగానే ఆగిపోయాను. అది ‘పథేర్ పాంచాలీ’లోని స్టిల్. అపూకి అమ్మ, అక్క తల దువ్వుతున్నారు. ఫోటో కింద దేశం పేరు, తీసినవాళ్ల పేరు, అంతే. అది సినిమాలోదని, ఆ తల్లి, కూతురు, కొడుకు ముగ్గురూ నటులని ఎక్కడా లేదు. చుట్టూ నిజం తల్లులు, నిజం పిల్లలు. వాళ్ల మధ్య ఇదీ నిజమే అన్నట్టు కలిసిపోయింది. డాక్యుమెంటరీ ఏది, కళ ఏది అని పేజీల కొద్దీ వాదించుకుంటాం. క్యూరేటర్ పక్కన ఏది పెడితే ఫోటో అదే అయిపోతుంది.

ఇందులోని ఫోటోల్లో చాలావాటికి ప్రింట్లు వేసింది తీసినవాళ్లు కాదు, ల్యాబ్. సైజు నిర్ణయించింది స్టైకెన్ బృందం. అమెరికన్ ప్రకృతి ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన మౌంట్ విలియమ్సన్ కొండ ఫోటోని గోడంత చేసి పెట్టారు. ప్రింటు విషయంలో అంత పట్టింపు ఉన్న మనిషి ఆయన. ఆ పెద్ద ప్రింటు ఆయనకి అస్సలు నచ్చలేదు. దాని ముందు నిలబడితే ఆయన బాధా అర్థమవుతుంది, స్టైకెన్ ఉద్దేశమూ అర్థమవుతుంది. స్టైకెన్‌కి ఫోటోలు మాటల్లాంటివి. వాక్యం మాత్రం ఆయనది.

హైడ్రోజన్ బాంబు ఫోటో సంగతి మరీ విచిత్రం. న్యూయార్క్‌లో అది రంగుల్లో, వెనక నుంచి లైటు వేసిన పెద్ద పారదర్శక చిత్రం. ప్రదర్శన మొత్తానికీ అదే హెచ్చరిక. నా చేతిలోని పుస్తకంలో ఆ పేజీయే లేదు. ఏళ్ల తరబడి పుస్తకం మాత్రమే చూసినవాళ్లకి ఆ భయం తెలిసే అవకాశమే లేదు. ఈ ప్రదర్శన మీద ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ అప్పట్లోనే విరుచుకుపడ్డాడు: అందరూ పుడతారు, చస్తారు అంటూ చరిత్రని మాయం చేస్తున్నారని. పుస్తకం వరకు ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. గోడల మీద చూశాక అంత గట్టిగా అనలేను.

1962లో స్టైకెన్ కుర్చీలోకి వచ్చిన జాన్ షార్కోవ్‌స్కీ సరిగ్గా ఎదురు దారి పట్టారు. 1966లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది ఫోటోగ్రాఫర్స్ ఐ’ ఫోటో ఏం చెప్పిందని కాక, ఫ్రేములో ఏది ఉంచారు, ఏది వదిలేశారు అని అడుగుతుంది. 1976లో విలియం ఎగల్‌స్టన్ అనే ఫోటోగ్రాఫర్ రంగు ఫోటోలతో ఆయనే వేసిన ‘గైడ్’ పుస్తకం అట్ట మీద ఒక మూడు చక్రాల పిల్లల సైకిలు ఉంటుంది. మానవాళి గురించి అదేమీ చెప్పదు. అప్పట్లో విమర్శకులు చీల్చి చెండాడారు. నా మటుకు నాకు షార్కోవ్‌స్కీ పుస్తకాలే ఇష్టం. వాటిని ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, గోడలు అక్కర్లేదు.

బయటికొచ్చాక ఊళ్లో తిరిగాను. వీధుల్లో, తోటల్లో కూడా పెద్ద పెద్ద ఫోటోలు పెట్టారు. అవి ఇప్పటి ఫోటోగ్రాఫర్లవి, మారుతూ ఉంటాయి. వానకి తడుస్తూ ఉన్నాయి. రైలుకి టైమైపోవడంతో అన్నీ చూడలేదు.

క్లెర్వో వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్కటే చెప్తాను: చలికాలంలో ప్రదర్శన మూసి ఉండే రోజులుంటాయి, చూసుకుని బయల్దేరండి. పుస్తకం మాత్రం వచ్చేటప్పుడు రైల్లో తెరవండి, వెళ్లేటప్పుడు కాదు.