ఒత్తుల దగ్గరే మొదలుపెట్టాను

మాది ఆంధ్రాలోని పాతపట్నం. పెళ్లయి పర్లాకిమిడి వచ్చాను. ఆటోలో వెళ్లొచ్చే దూరమే గానీ, 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఈ ఊరు అటు కలిసింది. ఇంట్లో, బజార్లో తెలుగుతో గడిచిపోతుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే మాత్రం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసవ్వాలి. నేను చదివిందంతా తెలుగు మీడియం.

అ ఆలు దిద్దమని ఇంటిల్లిపాదీ సలహా. పైపైన దిద్ది వదిలేశాను. వరుస మనదే, ళ కూడా ఉంది, అవెక్కడికీ పోవు. అసలు చిక్కు రైల్వేస్టేషన్ బోర్డు మీదే కనిపించింది. పర్లాకిమిడిని ఒడియాలో ‘పారళాఖేముణ్డి’ అని రాస్తారు. అందులో ‘ఖే’ ఏత్వం హల్లుకి ఎడమపక్కన ముందే వచ్చి కూర్చుంటుంది. ‘ణ్డి’ దగ్గర మనమైతే సున్న పెట్టి డి రాసేస్తాం. వాళ్లు ణ, డ కలిపి ఒక్క అక్షరం చేస్తారు. ఙ్క, ఞ్చ, న్త, మ్ప అన్నీ అంతే. కొన్నిట్లో ఏ హల్లుందో పోల్చుకోలేం.

అందుకని వాటితోనే మొదలెట్టాను. పక్కింటి ఒడియా మాస్టారు రిటైరయ్యారు. రోజూ ఆయన ‘సమాజ’ పేపరు అడిగి తెచ్చుకుని, ఆగిపోయిన అక్షరానికల్లా పెన్సిల్‌తో సున్న చుట్టేదాన్ని. సాయంత్రం అవే పలకడం, అవే రాయడం.

“పునాది లేకుండా గోడేంటమ్మా?” అనేవారు.

“చూద్దురు గాని మాస్టారూ.”

అన్నిట్లోకీ ‘ఙ్క’ ఎక్కువ లాభం ఇచ్చింది. బ్యాంకు బోర్డులో అదే. పేపర్లో అయితే మనం ‘గారి’ అనే చోటల్లా పేరు చివర అదే: గాంధీఙ్క. అదొక్కటి పట్టుబడేసరికి సగం హెడ్డింగులు వాటంతటవే విడిపోయాయి.

వ్యాకరణం చివరికి పెట్టుకున్నాను, పెద్దగా బాధపెట్టలేదు. అతనైనా ఆమైనా ‘సే’ ఒక్కటే, క్రియ కూడా మారదు. తెలుగు నేర్చుకునే ఒడియా వాళ్ల మీద జాలేసింది.

పరీక్ష పాసయ్యాను. అయితే ఈ పద్ధతి తెలుగు చదవడం వచ్చినవాళ్లకే. మా పాపకి మాత్రం అ ఆల నుంచే చెప్పిస్తున్నాను. నాకింకా మింగుడుపడనిది చేతిరాత. మామగారి పెట్టెలో పాత ఒడియా దస్తావేజులున్నాయి. వాటిలో అన్నిటికంటే గజిబిజిగా ఉన్నది తీసి మాస్టారి దగ్గరికి పట్టుకెళ్తున్నాను.