లీనాక్ దగ్గర 8 వారాలు: మెడికల్ ఫిజిక్స్ ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే డిగ్రీ విద్యార్థులకు

రేడియోథెరపీ విభాగంలో రిసెర్చ్ ఇంటర్న్‌షిప్ దొరికిన ఫిజిక్స్ విద్యార్థి తొలిరోజు పట్టుకొచ్చే అంశం చాలాసార్లు ఒకటే: ఏఐతో ట్యూమర్‌ని గుర్తించడం. కోరిక మంచిదే, కానీ 8 వారాల్లో అయ్యే పని కాదు. ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. బ్యాడ్జి (మీకు తగిలిన రేడియేషన్‌ని కొలిచేది), రేడియేషన్ సేఫ్టీ క్లాసు, లాగిన్లు, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం, వీటికే రెండు వారాలు పోతాయి. చివరి వారంన్నర రిపోర్టుకి, ప్రెజెంటేషన్‌కి కావాలి. నికరంగా మిగిలేది నాలుగున్నర వారాలు. లీనాక్ (క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ మెషీన్) మీద పగలంతా పేషెంట్లు ఉంటారు, కాబట్టి కొలతలకు మీకు దొరికేది చివరి పేషెంటు వెళ్లాక రెండు గంటలు. అలాంటి సాయంత్రాలు వారానికి రెండు దొరికాయనుకుంటే మొత్తం 18 గంటలు. అందులో మూడోవంతు సామాను సర్దడానికే సరిపోతుంది. ఒక్కరోజు మెషీన్ మొరాయించినా, ఆ సాయంత్రం మిగిలిపోయిన పేషెంట్లకే చెందుతుంది, మీకు కాదు. అదే న్యాయం కూడా.

అందుకే ప్రశ్న చిన్నది కావాలి. అంతకన్నా ముఖ్యంగా, దాని జవాబు అక్కడి ఫిజిసిస్ట్‌కి రేపు పొద్దున పనికొచ్చేదై ఉండాలి. నన్నడిగితే, మొదటిసారి వచ్చినవాళ్లకి అన్నిటికన్నా మంచి ముడిసరుకు విభాగంలో ఇప్పటికే పడి ఉన్న క్వాలిటీ అస్యూరెన్స్ రికార్డులు, అంటే మెషీన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసిన పరీక్షల లెక్కలు. వాటిలో పేషెంట్ వివరాలు ఉండవు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం వారాల తరబడి ఎదురుచూసే బాధ సాధారణంగా ఉండదు.

ఉదాహరణకి లీనాక్ ఔట్‌పుట్ తీసుకోండి. 100 మానిటర్ యూనిట్లు (మెషీన్ ఇచ్చే రేడియేషన్‌ని లెక్కపెట్టే కొలమానం) ఇస్తే నిర్ణీత పరిస్థితుల్లో 1 గ్రే (డోస్‌కి యూనిట్) రావాలని మెషీన్‌ని క్యాలిబ్రేట్ చేస్తారు. దాన్ని రోజూ పొద్దున్నే చూస్తారు. అమెరికాలోని మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఏఏపీఎం వారి టీజీ-142 రిపోర్టు ప్రకారం తేడా రోజువారీ పరీక్షలో 3 శాతం, నెలవారీ పరీక్షలో 2 శాతం దాటకూడదు. ఏడాది రికార్డు చేతిలో ఉంటే అడగదగ్గ ప్రశ్న ఇది: ఔట్‌పుట్ నెలకి ఎంత పక్కకి జరుగుతోంది, 2 శాతం గీత తాకకముందే ఎన్ని వారాల ముందు పసిగట్టవచ్చు? నెలకి 0.25 శాతం చొప్పున పెరుగుతోందంటే ఎనిమిది నెలల్లో గీత దగ్గరికి వస్తుంది. ఆ సంగతి ఐదో నెలలోనే తెలిస్తే ఫిజిసిస్ట్ తీరిక చూసుకుని సరిదిద్దుకోవచ్చు.

ఇందులో పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ఏడాది అంకెలన్నీ ఎక్సెల్‌లో పోసి ఒకే సరళరేఖ గీస్తే వాలు దాదాపు సున్నా వస్తుంది. మెషీన్ కదలకుండా ఉందనిపిస్తుంది. అసలు జరిగింది వేరు. మధ్యలో రెండు మూడుసార్లు ఫిజిసిస్ట్ ఔట్‌పుట్‌ని వెనక్కి సర్దారు. గ్రాఫ్ రంపపు పళ్లలా ఉంటుంది, ఒక్కో పన్నూ ఒక్కో డ్రిఫ్టు (మెల్లగా పక్కకి జరగడం). కాబట్టి సర్వీస్ లాగ్ పక్కన పెట్టుకుని, సర్దిన ప్రతి తేదీ దగ్గరా డేటాని తెంపి, ఏ ముక్కకి ఆ ముక్కకే రేఖ గీయాలి. రోజువారీ పరీక్ష చేసే పరికరాన్నే మళ్లీ క్యాలిబ్రేట్ చేసిన తేదీల దగ్గర కూడా అలాగే తెంపాలి, లేకపోతే పరికరం తప్పు మెషీన్ నెత్తిన పడుతుంది.

చేత్తో కొలవాల్సిన ప్రాజెక్టు అయితే వాటర్ ఫాంటమ్ (పేషెంట్ శరీరానికి బదులుగా పెట్టే నీళ్ల ట్యాంకు) దగ్గర ఓపిక కావాలి. నీళ్లు ముందురోజే నింపి గదిలో ఉంచడం మేలు. కొళాయి నుంచి అప్పుడే పట్టిన నీళ్ల ఉష్ణోగ్రత గంటల తరబడి మారుతూ ఉంటుంది. డోస్‌ని కొలిచే అయాన్ చాంబర్‌లో ఉండేది బయటి గాలే, కాబట్టి రీడింగ్‌ని ఉష్ణోగ్రతకీ పీడనానికీ సవరించాలి: 273.15కి నీటి ఉష్ణోగ్రత కలిపి, దాన్ని 273.15కి ప్రామాణిక ఉష్ణోగ్రత కలిపిన మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని 101.325తో గుణించి, ఆనాటి పీడనంతో (కిలోపాస్కల్‌లో) భాగించాలి. సూత్రం చిన్నదే, తప్పులు మాత్రం పెద్దవి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వారి టీఆర్ఎస్-398 ప్రోటోకాల్‌లో ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, ఏఏపీఎం వారి టీజీ-51లో 22. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే 0.7 శాతం తేడా కొడుతుంది. పీడనం విషయంలో ఇంకా ఘోరం. ఫోన్‌లోని వాతావరణ యాప్ చూపించేది సముద్రమట్టానికి సవరించిన అంకె. సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున్న చోట అసలు పీడనం 95.5 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. యాప్ చెప్పిన 101 వేసుకుంటే డోస్ దాదాపు 5.5 శాతం తక్కువగా లెక్క తేలుతుంది. విభాగంలో ఉన్న బారోమీటర్ రీడింగే తీసుకోండి. థర్మామీటర్‌ని గాలిలో కాదు, నీటిలో, చాంబర్ పక్కన ఉంచండి.

తర్వాతది లోతు. చాంబర్‌ని నీటి ఉపరితలం దగ్గర సున్నా చేయడానికి పైనుంచి చూస్తే కుదరదు. ట్యాంకు పక్క గోడలోంచి, నీటి మట్టానికి కాస్త కిందినుంచి, కన్ను పైకి పెట్టి చూడాలి. నీటి పైపొర అద్దంలా పనిచేస్తుంది. మీ వైపు తిరిగి ఉన్న చాంబర్ గుండ్రటి కొనా, దాని ప్రతిబింబమూ కలిసి ఒక్క నిండు వృత్తంలా కనబడితే చాంబర్ మధ్యరేఖ సరిగ్గా నీటి మట్టం మీద ఉన్నట్టు. రెండు వృత్తాలు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తే ఇంకా పైకి తేవాలి, నిమ్మతొనలా సన్నబడితే పైకి ఎక్కువ వచ్చేసింది. 6 ఎంవీ (మెగావోల్ట్) బీమ్‌లో 10 సెం.మీ. లోతు దగ్గర 1 మి.మీ. తప్పితే డోస్ సుమారు 0.5 శాతం మారుతుంది. నీళ్లు ఆవిరవుతాయి కూడా, కాబట్టి రెండు గంటలు కొలిచాక సున్నాని మళ్లీ చూసుకోండి.

ఎలక్ట్రోమీటర్ (చాంబర్‌లో పుట్టిన చార్జిని కొలిచే పెట్టె) ఆన్ చేసిన వెంటనే వచ్చే రీడింగులు నమ్మొద్దు. కాసేపు వేడెక్కనిచ్చి, కొన్ని వందల మానిటర్ యూనిట్లు ఊరికే ఇచ్చి, వరుసగా మూడు రీడింగులు 0.1 శాతంలోపు కలిసేదాకా ఆగండి. ఒకవైపే జరిగిపోతున్న రీడింగులకి సగటు తీసి రాసుకోవడం పెద్ద తప్పు.

ఫిల్మ్‌తో (రేడియేషన్ తగిలితే నల్లబడే షీటు) పనైతే మొట్టమొదట షీటు మూలన పెన్నుతో దిశ గుర్తు పెట్టాలి. ఈబీటీ3 రకం ఫిల్మ్‌ని 90 డిగ్రీలు తిప్పి స్కాన్ చేస్తే అదే డోస్‌కి వేరే అంకె వస్తుంది. ముక్కలుగా కోశాక ఏది నిలువో ఏది అడ్డమో చెప్పడం ఎవరివల్లా కాదు. స్కానర్‌లో కలర్ కరెక్షన్ పూర్తిగా ఆపేయాలి, ఒక్కో చానల్‌కి 16 బిట్లు, 72 డీపీఐ చాలు (పిక్సెల్ 0.35 మి.మీ. వస్తుంది), ఫిల్మ్ ఎప్పుడూ స్కానర్ గాజు మధ్యలోనే. ఎక్స్‌పోజ్ చేశాక గంటల తరబడి ఫిల్మ్ నల్లబడుతూనే ఉంటుంది, అందుకే క్యాలిబ్రేషన్ ముక్కల్ని 24 గంటలకి స్కాన్ చేస్తే అసలు ఫిల్మ్‌ని కూడా 24 గంటలకే చేయాలి.

పేషెంట్ డేటా తప్పనిసరైతే అనుమతి పని ఇంటర్న్‌షిప్ మొదలవక ముందే గైడ్ మొదలుపెట్టారో లేదో అడగండి. అనుమతి ఆలస్యమైతే ద క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరికే డేటాతో స్క్రిప్టు రాసి పెట్టుకోవచ్చు, సమయం వృథా కాదు. పేరు తీసేస్తే గుర్తింపు పోయినట్టు కాదని గుర్తుంచుకోండి. డైకామ్ (వైద్య చిత్రాలు దాచే ఫార్మాట్) ఫైల్లో పుట్టినతేదీ, ఆసుపత్రి నంబరు, యూఐడీలు (ఒక్కో ఫైలుకి ఉండే ప్రత్యేక సంఖ్యలు), కంపెనీలు పెట్టుకునే ప్రైవేట్ ట్యాగ్‌లు వేరేగా ఉంటాయి. కొన్నిసార్లు చికిత్స ప్లాన్ పేరులోనే పేషెంట్ ఇంటిపేరు రాసి ఉంటుంది.

పైథాన్‌లో డైకామ్ ఫైళ్లని పైడైకామ్ లైబ్రరీతో చదివేటప్పుడు తల ప్రాణం తోకకి తెచ్చేవి మూడు. డోస్ ఫైల్లోని పిక్సెల్ అంకెల్ని డోస్ గ్రిడ్ స్కేలింగ్‌తో గుణిస్తేనే గ్రేలు వస్తాయి. సీటీ స్లైసుల్ని ఫైలు పేరుని బట్టి కాదు, ఇమేజ్ పొజిషన్‌లోని మూడో అంకెని బట్టి వరుస పెట్టాలి. పైథాన్ అర్రేలో వరుస జడ్, వై, ఎక్స్, మీ బుర్రలో ఉండేది ఎక్స్, వై, జడ్. 30 మంది ప్లాన్లు ఒకేసారి నడపకముందు ఒక్క ప్లాన్ తీసుకుని, ఒక్క అవయవానికి మీ స్క్రిప్టు ఇచ్చిన సగటు డోస్‌ని ప్లానింగ్ సిస్టమ్ చూపించే సగటుతో పోల్చండి. 1 శాతం మించి తేడా ఉంటే ఆగి కారణం వెతకండి.

గామా పరీక్ష (లెక్కించిన డోస్, కొలిచిన డోస్ ఎంతవరకు కలుస్తున్నాయో చూసేది) మీద ప్రాజెక్టులు ఎక్కువ, అందులో పొరపాట్లూ ఎక్కువ. ఏఏపీఎం వారి టీజీ-218 (2018) సూచన డోస్‌లో 3 శాతం, దూరంలో 2 మి.మీ., గ్లోబల్ నార్మలైజేషన్, 10 శాతం లోపు డోస్ వదిలేయడం, 95 శాతం పాయింట్లు పాసవడం. "97 శాతం పాస్" అని ఒక్క అంకె రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. గ్లోబల్‌లో ఆ 3 శాతం గరిష్ఠ డోస్‌ని బట్టి ఉంటుంది కాబట్టి వెన్నుపాములాంటి తక్కువ డోస్ చోట పెద్ద తప్పు కూడా పాసైపోతుంది. కొలిచిన డోస్‌ని, లెక్కించిన డోస్‌ని అటూ ఇటూ మార్చి పెట్టినా ఫలితం మారుతుంది, ఎందుకంటే పోల్చి వెతికే డోస్‌లో నాయిస్ ఉంటే గామా కృత్రిమంగా తగ్గుతుంది. ఫెయిలైన పాయింట్లు ఎక్కడ పడ్డాయో బొమ్మ వేసి చూపించండి. గైడ్ మొదట చూసేది ఆ బొమ్మనే.

మాంటే కార్లో సిమ్యులేషన్ (కణాల్ని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా నడిపి డోస్ లెక్కించడం) ఎంచుకున్నవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: స్టాటిస్టికల్ అనిశ్చితి సగం కావాలంటే నాలుగు రెట్లు పార్టికల్స్ నడపాలి. 2 శాతం దగ్గర రాత్రంతా పట్టిన రన్, 1 శాతానికి నాలుగు రాత్రులు పడుతుంది.

భద్రత గురించి సంస్థ చెప్పిందే శాసనం. బ్యాడ్జి ఛాతీ మీద పెట్టుకోండి, సంచిలో కాదు. బంకర్ (లీనాక్ ఉండే మందపాటి గోడల గది) లోంచి చివర వచ్చేవాళ్లు లోపల ఎవరూ లేరని కళ్లతో చూశాకే బటన్ నొక్కాలి. 15 ఎంవీ లాంటి ఎక్కువ ఎనర్జీ వాడితే బీమ్ ఆగాక కూడా లీనాక్ తల కొన్ని నిమిషాలు స్వల్పంగా రేడియోధార్మికంగా ఉంటుంది, లోపలికి పరుగెత్తకండి. 16 నుంచి 18 ఏళ్ల విద్యార్థులకు అంతర్జాతీయ ప్రమాణాల్లో ఏడాదికి 6 మిల్లీసీవర్ట్ పరిమితి ఉంది, 18 లోపు వాళ్లు ముందే చెప్పాలి.

ఆఖరి మూడు రోజులు అప్పగింతకి ఉంచుకోండి. సవరించని అసలు రీడింగులు, ఆనాటి ఉష్ణోగ్రత, పీడనం, చాంబర్, ఎలక్ట్రోమీటర్ సీరియల్ నంబర్లు, వాటి క్యాలిబ్రేషన్ తేదీలు, స్క్రిప్టు, అది ఏ పైథాన్ వెర్షన్‌లో నడుస్తుందో చెప్పే ఒక పేజీ, అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టండి. ఇంకెవరినైనా కూర్చోబెట్టి, మీరు పక్కన మాట్లాడకుండా, ఆ ఫోల్డర్‌తో మీ గ్రాఫుల్లో ఒకటి మళ్లీ గీయమనండి. వాళ్లు ఎక్కడ ఆగారో ఆ వాక్యం ఆ పేజీలో చేర్చండి. సొంత ల్యాప్‌టాప్‌లో పేషెంట్ డేటా కాపీ ఏదైనా ఉంటే గైడ్ చూస్తుండగా తీసేసి, బ్యాడ్జి తిరిగిచ్చి, సంతకం పెట్టి రండి.