ఒక్క సినాప్స్‌ను పూర్తిగా చదివితే చాలు: గ్రాహకాలు, జ్ఞాపకశక్తిపై నా ప్రిపరేషన్

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చినవారికి, జ్ఞాపకశక్తిలో గ్రాహకాల (కణత్వచంలో ఉండి రసాయన సంకేతాలను అందుకునే ప్రోటీన్ల) పాత్రను నేను చదివిన తీరు చెప్పదలచుకున్నాను. గ్రాహకాల పేర్లన్నీ పట్టిక వేసి బట్టీ పట్టడం కంటే, మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోని ఒక్క గ్లూటమేట్ సినాప్స్‌ను (గ్లూటమేట్ అనే రసాయనంతో ఒక నాడీకణం మరోదానికి సంకేతం పంపే కూడలిని) ఆమూలాగ్రం అర్థం చేసుకోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

మహబూబ్‌నగర్ గ్రంథాలయంలో కూర్చుని నేను రోజూ ఒక తెల్లకాగితంపై పుస్తకం చూడకుండా అదే బొమ్మ గీసేవాణ్ణి. పైన గ్లూటమేట్‌ను విడుదల చేసే నాడీకణం, కింద దాన్ని అందుకునే కణత్వచం, ఆ త్వచంలో పక్కపక్కనే ఆంపా, ఎన్‌ఎండీఏ అనే రెండు రకాల గ్లూటమేట్ గ్రాహకాలు ఉండేవి. విరామ స్థితిలో, అంటే దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టుల వద్ద, ఎన్‌ఎండీఏ మార్గాన్ని మెగ్నీషియం అయాన్ మూసి ఉంచుతుంది కాబట్టి గ్లూటమేట్ వచ్చి అతుక్కున్నా అయాన్ల ప్రవాహం దాదాపుగా ఉండదు. ఆంపా గ్రాహకాల ద్వారా సోడియం లోపలికి వచ్చి కణం తగినంతగా డీపోలరైజ్ అయినప్పుడే, అంటే లోపలి రుణావేశం తగ్గినప్పుడే, మెగ్నీషియం తొలగుతుంది. బ్యాంకు లాకరుకు ఖాతాదారు తాళంచెవి, బ్యాంకు తాళంచెవి రెండూ కావలసినట్టే, ఇక్కడ గ్లూటమేట్, డీపోలరైజేషన్ రెండూ ఒకే సమయంలో ఉండాలి; గ్లైసిన్ లేదా డి-సెరీన్ సహాయం కూడా అవసరమని మరువకండి.

అప్పుడు లోపలికి వచ్చే కాల్షియాన్ని నేను ఎర్రసిరాతో గీసేవాణ్ణి, ఎందుకంటే తరువాతి కథంతా దానిదే. అది క్యామ్‌కైనేజ్-2 అనే ఎంజైమ్‌ను ఉత్తేజపరుస్తుంది, దాంతో త్వచంలోకి మరిన్ని ఆంపా గ్రాహకాలు చేరి సినాప్స్ బలపడుతుంది. టిమ్ బ్లిస్, తెర్యే లోమో కుందేలు హిప్పోకాంపస్‌లో గమనించి 1973లో ప్రచురించిన ఎల్‌టీపీకి (లాంగ్ టర్మ్ పొటెన్షియేషన్, అంటే సినాప్స్ దీర్ఘకాలం బలపడి ఉండటానికి) ప్రధాన ఆధారం ఈ ప్రక్రియే. తొలిదశ ఎల్‌టీపీకి కొత్త ప్రోటీన్ల తయారీ అక్కరలేదు, మలిదశకు కావాలి.

పరీక్షలోని పార్ట్-సి ప్రశ్నలకు సిద్ధమయ్యేటప్పుడు ఏపీ5 అనే ఎన్‌ఎండీఏ గ్రాహక నిరోధకంపై ప్రత్యేక శ్రద్ధ పెట్టండి. 1986లో రిచర్డ్ మోరిస్ బృందం ఆ మందు ఇచ్చిన ఎలుకలు నీటిలో దాగిన వేదిక స్థానాన్ని సరిగా నేర్చుకోలేకపోయాయి. అయితే అది ఎల్‌టీపీ ఏర్పడటాన్ని అడ్డుకుంటుందే తప్ప, అప్పటికే ఏర్పడిన ఎల్‌టీపీని సాధారణంగా చెరిపివేయదు. గ్రాఫ్ ఇచ్చి అడిగితే, మందును ఎల్‌టీపీ కలిగించే ఉద్దీపనకు ముందు ఇచ్చారా, తరువాత ఇచ్చారా అన్నది మొదట చూడండి.